గడియారం దేన్ని కొలుస్తోంది?



ఉద్యోగాల్లో కుదురుకున్న మన పిల్లలు అడిగే ఒక ప్రశ్నకు జవాబుగా ఈ నాలుగు మాటలు. "నాకు మంచి చేతిగడియారాలంటే ఇష్టం. లక్షలు పెట్టి ఒకటి కొనుక్కోవాలని ఉంది. నేను బౌద్ధుణ్ణి కదా, కొనవచ్చా, కొనకూడదా?" ఇదీ ప్రశ్న. పెద్దవాళ్లు దీనికి రెండు రకాలుగా జవాబు చెప్తారు. తణ్హే దుక్ఖానికి మూలం, వదిలెయ్ నాయనా అంటారు కొందరు. మన తాతలు ఊళ్లోకొస్తే చెప్పులు చేతబట్టుకుని నడిచారు, నువ్వు దర్జాగా కట్టుకో అంటారు ఇంకొందరు. రెండింటిలోనూ నిజముంది. కానీ ఏ ఒక్కటీ పూర్తి జవాబు కాదు. పూర్తి జవాబు కావాలంటే మీరు కొంచెం ఓపిక పట్టాలి. ఎందుకంటే వస్తువును సరిగ్గా చూడకుండా దాని మీద తీర్పు చెప్పడం ధమ్మం కాదు.

ముందు వస్తువును చూద్దాం

ఉదాహరణకు ఒక గడియారాన్ని తీసుకుందాం. స్విట్జర్లాండ్‌లో తయారయ్యే టూడర్ బ్లాక్ బే ఫిఫ్టీ ఎయిట్. 2018లో బయటికి వచ్చింది. స్టెయిన్‌లెస్ స్టీలు ఒళ్లు, 39 మిల్లీమీటర్ల వెడల్పు, 200 మీటర్ల లోతు దాకా నీళ్లు చొరకుండా చేసిన కట్టుదిట్టం. లోపల బ్యాటరీ ఉండదు. చెయ్యి కదిలితే దానంతటదే తిరిగే స్ప్రింగు ఉంటుంది. చేతినుంచి తీసి పక్కన పెట్టినా దాదాపు 70 గంటలు నడుస్తుంది. వచ్చినప్పుడే దాని ధర మూడు వేల డాలర్లు దాటింది. మన రూపాయల్లో లక్షల మాట.

పేరులో ఉన్న ఫిఫ్టీ ఎయిట్ అంటే 1958. ఆ ఏడాది టూడర్ కంపెనీ మొదటిసారి 200 మీటర్ల లోతును తట్టుకునే గడియారం చేసింది. దాని పోలికలతోనే ఈ కొత్తదాన్ని చేశారు. నల్లటి పళ్లెం మీద బంగారు ఛాయ గీతలు, పాతకాలపు కొలత, పాతకాలపు నడక. కొత్తదే, కానీ పాతదానిలా కనిపించాలి. ఇప్పుడు ఖరీదైన గడియారాల సంతలో బాగా అమ్ముడుపోయే పద్ధతి ఇది.

ఊపిరి లెక్క

ఇలాంటి గడియారాలు అలంకారం కోసం పుట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, గాలి సిలిండరు వీపున కట్టుకుని నీటి అడుగుకు దిగడం మొదలైంది. సిలిండరులో గాలి కొన్ని నిమిషాలకే సరిపోతుంది. కింద కాలం ఎంత గడిచిందో తెలియకపోతే ప్రాణమే పోతుంది. 1953లో బ్లాంక్‌పాన్ కంపెనీ ఫిఫ్టీ ఫాదమ్స్ అనే గడియారం తెచ్చింది. ఫాదమ్ అంటే మన బార లాంటి కొలతే. రెండు చేతులూ చాచినంత, ఆరడుగులు. యాభై బారల లోతు, సుమారు 91 మీటర్లు. ఆ కంపెనీని నడిపిన జాన్-జాక్ ఫిష్టర్ స్వయంగా నీటిలో దిగే మనిషి. అడుగున కాలం మరిచి, గాలి అయిపోయి, ప్రమాదంలోంచి బయటపడ్డవాడు. ఫ్రెంచి నౌకాదళంలో ఈతసైనికుల దళాన్ని కట్టిన రోబెర్ మలూబియే, క్లోద్ రిఫో కూడా అలాంటి గడియారం కోసమే వెతుకుతున్నారు. అవసరమున్నవాళ్లు, చేసేవాళ్లు కలిశారు.

దాని అద్దం చుట్టూ ఒక వలయం ఉంటుంది. బెజెల్ అంటారు. నీళ్లలోకి దిగేముందు ఆ వలయం మీదున్న గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా తిప్పి పెడతారు. కిందకు వెళ్లాక ముల్లు గుర్తునుంచి ఎంత దూరం జరిగిందో చూస్తే చాలు, ఎన్ని నిమిషాలైందో తెలిసిపోతుంది. లెక్కలు కట్టక్కరలేదు.

ఇప్పటి గడియారాల్లో ఈ వలయం ఒకవైపుకే తిరుగుతుంది. ఎందుకో చూడండి. రాయికో తాడుకో తగిలి వలయం పొరపాటున కదిలిందనుకోండి. అది తిరిగే వైపు వల్ల, గడిచిన కాలం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది తప్ప తక్కువగా కనిపించదు. మనిషి తొందరపడి ముందే పైకి వచ్చేస్తాడు. పోయేది నాలుగు నిమిషాల ఈత, మిగిలేది ప్రాణం. పొరపాటు జరిగినా ప్రాణం వైపే జరగాలన్న ఆలోచనను లోహంలో చెక్కారన్నమాట. ధమ్మంలో అప్పమాదం అని మనం రోజూ అనుకునే మాటకు, అంటే ఏమరుపాటు లేకపోవడానికి, ఇంతకంటే తేలికైన ఉదాహరణ దొరకదు. ఇలాంటి పనితనాన్ని మెచ్చుకోవడం తణ్హ కాదు. మంచి పనిని మంచి పని అని గుర్తించడం సమ్మాదిట్ఠిలో భాగమే.

అవసరం పోయింది, ఆశ మిగిలింది

ఆ తరవాత లోకం మారింది. 1969 డిసెంబరులో జపాను కంపెనీ సైకో క్వార్ట్జ్ చేతిగడియారం తెచ్చింది. కొన్నేళ్లకే బ్యాటరీతో నడిచే చవక గడియారాలు అంతటా వచ్చేశాయి. ఇవాళ బజారులో వందల రూపాయలకు దొరికే గడియారం నెలకు పది పదిహేను సెకన్లు అటూ ఇటూ అవుతుంది. లక్షల గడియారం రోజుకే రెండు మూడు సెకన్లు తేడా చూపవచ్చు. టైము సరిగ్గా తెలుసుకోవడమే కావాలంటే చవకదే మేలు. జేబులో ఫోను ఇంకా మేలు. నీళ్లలో దిగేవాళ్లు కూడా 1980ల నుంచి చిన్న కంప్యూటర్ చేతికి కట్టుకుంటున్నారు. లోతు, కాలం, పైకి రావాల్సిన వేగం అన్నీ అదే చెప్తుంది. సరదాగా దిగేవాళ్లకు నలభై మీటర్లే హద్దు. 200 మీటర్ల గడియారాల్లో చాలా వాటికి తెలిసిన నీళ్లు చేతులు కడుక్కునే పంపు నీళ్లే.

మరి ఎందుకు కొంటున్నారు? కొనేది కాలాన్ని కొలిచే పనిముట్టు కాదు కనుక. కొనేది ఒక కథ. ఆ కథ కోసం ఎంత శ్రద్ధ తీసుకుంటారో చూడండి. 1950లలో గొలుసు కట్లను నిజంగానే రివెట్లతో బిగించేవారు. ఇప్పటి గొలుసుకు ఆ అవసరం లేదు. అయినా పక్కన రివెట్ తలలు కనిపించేలా చేస్తారు. చీకట్లో వెలగడానికి పాతకాలంలో పూసిన రంగు ఏళ్లు గడిచేకొద్దీ తెలుపు పోయి గోధుమ వన్నెకు తిరిగేది. ఇప్పుడు కొత్త గడియారానికి ఆ ముసలి రంగును ముందే పూసి అమ్ముతారు.

దీన్ని ధమ్మం కళ్లతో చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. వన్నె తగ్గడం అనిచ్చకు గుర్తు. పుట్టినదల్లా మారుతుంది, వాడిపోతుంది. ఆ వాడిపోవడాన్నే నకలు తీసి, ఇక వాడిపోకుండా నిలిపి, దానికి ధర కట్టారు.

ఆ రంగుకు ఇంకో చరిత్ర కూడా ఉంది. పాత గడియారాల వెలుగు రేడియంది. 1917 నుంచి అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రం ఆరెంజ్ పట్టణంలో, పేదింటి ఆడపిల్లలు గడియారం పళ్లేల మీద ఆ రంగు పూసేవారు. కుంచె మొన సన్నగా రావాలంటే పెదాల మధ్య పెట్టి తిప్పమని వాళ్లకు నేర్పారు. ప్రమాదమేమీ లేదని చెప్పారు. రేడియం ఎముకల్లో చేరింది. దవడలు కుళ్లాయి. ఎంతోమంది చనిపోయారు. 1927లో గ్రేస్ ఫ్రైయర్ అనే ఆవిడ, మరో నలుగురు కోర్టుకెక్కారు. మరుసటి ఏడు రాజీ కుదిరింది. కూలివాళ్ల ఆరోగ్యం గురించిన చట్టాలకు ఆ పోరాటం దారి వేసింది. ఇప్పటి రంగులో రేడియం లేదు, దాని వల్ల ఎవరికీ హాని లేదు. కానీ ఏ వస్తువూ తనంతట తాను రాదు, కారణాలను పట్టుకుని వస్తుందని పటిచ్చసముప్పాదం చెబుతుంది. అందమైన పాతకాలం వెనుక ఎవరి చేతులున్నాయో, ఎవరి పెదాలున్నాయో తెలుసుకుని చూడటమే సరిగ్గా చూడటం.

ఎవరి పాతకాలం?

ఇంతకీ 1958 అంటే ఎవరికి తీపి? ఐరోపాలో సముద్రపు ఒడ్డున సెలవులు గడిపినవాళ్లకు తీపి కావచ్చు. మన సంగతి చూడండి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో ధమ్మదీక్ష తీసుకున్నారు. డిసెంబర్ 6న పరినిర్వాణం చెందారు. 1958 అంటే ఆయన పోయిన రెండో ఏడు. అస్పృశ్యతను నేరంగా శిక్షించే చట్టం 1955లో వచ్చింది, దానికి మూడేళ్లు. చట్టం కాగితం మీద ఉంది. టీకొట్టులో వేరే గ్లాసు ఉంది. ఊరబావి దగ్గర ఎవరో పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి. మన తాతల చేతికి గడియారం కాదు కదా, చాలామందికి వేళ చూసుకుని పనికి వెళ్లి వేళకు ఇంటికొచ్చే హక్కే లేదు. పొద్దు పొడిచింది మొదలు ఆసామి పొమ్మనేదాకా పనే.

మన ఇళ్లలోకి గడియారం వచ్చింది ఆ తరవాతే. 1961లో బెంగళూరులో హెచ్‌ఎంటీ గడియారాల ఫ్యాక్టరీ మొదలయ్యాక, మామగారు పెళ్లికొడుక్కి పెట్టిన వాచీగానో, మొదటి జీతంతో కొన్న వాచీగానో వచ్చింది. వాటిలో ఒకదాని పేరు జనత. పాతకాలం మీద ప్రేమ ఉంటే మన పాతకాలం అది. అమ్మేవాడు చూపించే పాతకాలాన్ని కొనేముందు, అందులో మన చోటెక్కడ అని ఒక్కసారి అడగండి. గడిచినదాని వెంట పరుగెత్తవద్దని భద్దేకరత్త సుత్తంలో బుద్ధుడు చెప్పాడు. మనది కాని గతం వెంట పరుగెత్తడం ఇంకా వింత.

బయటివాడి నిషేధం వేరు

ఇక్కడిదాకా చదివి, "అంటే కొనొద్దంటారా?" అని మీరు అడగవచ్చు. ఆగండి. ఆ మాట ఎవరంటున్నారన్నది మనకు చాలా ముఖ్యం.

కులనిర్మూలనలో బాబాసాహెబ్ కొన్ని సంఘటనలు చెప్పారు. 1928లో ఇండోర్ ప్రాంతపు బలాయీలకు పైకులాలవాళ్లు విధించిన షరతులు వాటిలో ఉన్నాయి. జరీ అంచు తలపాగాలు కట్టరాదు, రంగు అంచు ధోవతులు కట్టరాదు, ఆడవాళ్లు వెండి బంగారు నగలు పెట్టుకోరాదు. 1936లో జైపూర్ సంస్థానంలోని చక్వారా ఊళ్లో, తీర్థయాత్ర చేసివచ్చిన ఒకాయన తనవాళ్లకు విందు పెట్టి నెయ్యి వడ్డించినందుకు కర్రలతో వచ్చి కొట్టారు. నెయ్యి కొనే డబ్బు ఆయనదే. తినే నోళ్లు ఆయనవాళ్లవే. నేరం ఏమిటంటే, తన స్థాయికి మించి తిన్నాడని.

అందుకే 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ మన ఆడవాళ్లకు చీరకట్టు మార్చుకోమని, అంటరానితనానికి గుర్తుగా మిగిలిన బరువు కడియాలు వదిలెయ్యమని చెప్పారు. ఆయన సూటు వేసుకున్నారు, మంచి పెన్నులను ఇష్టపడ్డారు, పుస్తకాలకు లెక్క చూడకుండా ఖర్చుపెట్టారు. పేదరికం గొప్పదని ఆయన ఏనాడూ అనలేదు. బుద్ధుడు కూడా పేదరికాన్ని పొగడలేదని ఆయనే వాదించారు.

కాబట్టి ఈ మాట గట్టిగా పట్టుకోండి. మన పిల్లవాడి చేతికున్న గడియారం చూసి, "వీడికెందుకురా ఇంత?" అని ఎవడైనా అంటే, ఆ మాటలో మాట్లాడేది ధమ్మం కాదు, కులం. అతనికి మనం లెక్క చెప్పనక్కరలేదు. లెక్క చెప్పుకోవాల్సింది మనకు మనమే.

మెట్లు

ఆ లెక్క ఇక్కడ మొదలవుతుంది. కులాన్ని బాబాసాహెబ్ అంచెలంచెల అసమానత అన్నారు. పైకి చూస్తే భక్తి, కిందికి చూస్తే ఈసడింపు. అట్టడుగువాడు తప్ప ప్రతివాడూ తనకంటే కిందివాణ్ణి చూసి తృప్తిపడటం వల్లే ఆ నిచ్చెన కూలకుండా నిలబడుతోంది.

ఇప్పుడు ఖరీదైన గడియారాల లోకాన్ని చూడండి. రోలెక్స్ స్థాపించిన హాన్స్ విల్స్‌డార్ఫే 1926లో టూడర్ పేరు నమోదు చేయించాడు. రోలెక్స్ నమ్మకాన్ని కొంచెం తక్కువ ధరకు అందించాలని. ఆలోచన మంచిదే. కానీ టూడర్ కట్టినవాణ్ణి చూసి, రోలెక్స్ కొనలేక కొన్నాడు అనేవాళ్లు తయారయ్యారు. రోలెక్స్ పైన ఇంకొకటి, దాని పైన మరొకటి. టూడర్ కట్టినవాడు బ్యాటరీ వాచీ కట్టినవాణ్ణి చూసి ముక్కు విరుస్తాడు. ఈ నిచ్చెనకు పై మెట్టు లేదు. ఎక్కేకొద్దీ ఇంకో మెట్టు కనిపిస్తుంది. ఒక నిచ్చెనను కాల్చి బయటికి వచ్చిన మనం, డబ్బిచ్చి ఇంకో నిచ్చెన ఎక్కితే ఏం మిగిలింది?

పాళీలో మాన అని ఒక మాట ఉంది. అహంకారం అని అర్థం. తెలుగులో మానం అంటే కొలత, మర్యాద కూడా. సంయుత్త నికాయంలో సోణుడనే గృహపతి కుమారుడికి బుద్ధుడు ఈ మాన గురించి చెప్పాడు. నేను ఎక్కువ అనుకోవడం మానమే. సమానం అనుకోవడం మానమే. తక్కువ అనుకోవడం కూడా మానమే. నిలవనివాటిని పట్టుకుని మనుషుల్ని కొలవడమే అసలు చిక్కు.

ఆత్మగౌరవం సంగతేమిటని మీరు అడగాలి. అడగకపోతే మీరు అంబేద్కరైట్ కాదు. ఆత్మగౌరవానికి పక్కవాడి అవసరం లేదు. ఒంటరిగా గదిలో ఉన్నా అది మీతోనే ఉంటుంది. మానానికి మాత్రం పక్కన ఇంకొకడు ఉండి తీరాలి, వాడి చెయ్యి ఖాళీగానో చవకగానో కనిపించాలి. పరీక్ష తేలిక. ఎవరూ చూడని రోజు కూడా ఆ గడియారం మీకు ఇదే సంతోషం ఇస్తుందా? ఇస్తే అది పనితనం మీద ప్రేమ. ఇవ్వకపోతే గడియారం కాలాన్ని కొలవడం మానేసి మనుషుల్ని కొలుస్తోంది.

దిగేవాళ్లు ఇంకా ఉన్నారు

ఊపిరి అయిపోతుందన్న భయంలోంచి ఈ పనిముట్టు పుట్టిందని చెప్పుకున్నాం. మన దేశంలో ఇవాళ కూడా ఊపిరి లెక్క లేకుండా కిందికి దిగుతున్నవాళ్లున్నారు. మ్యాన్‌హోల్ మూత తీసి, సిలిండరు లేకుండా, ముసుగు లేకుండా, నడుముకు తాడు కట్టుకుని దిగుతారు. లోపల విషవాయువు ఉందో లేదో చెప్పే పరికరం ఉండదు. వాళ్లెవరో, ఏ కులాలవాళ్లో మీకు చెప్పనక్కరలేదు. ఈ పనిని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. బెజవాడ విల్సన్ నడిపే సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు, చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలంది. 2023లో దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. పరిహారం పెరిగింది. దిగడం ఆగలేదు.

మీరు గడియారం కొంటే వాళ్లు చచ్చిపోతారని నేను అనడం లేదు. అది తప్పుడు లెక్క. నేననేది ఒక్కటే. 200 మీటర్ల లోతును తట్టుకునే వలయాన్ని చూసి మురిసే కన్ను, పదిహేను అడుగుల గుంతలోకి దిగే మనిషిని చూడలేకపోతే ఆ కన్నుకు చూపు సగమే ఉందని.

కొనేముందు నాలుగు ప్రశ్నలు

దీఘజాణు అనే కోలియుడు బుద్ధుడి దగ్గరికి వచ్చి, మేము సంసారులం, పిల్లాజెల్లాతో ఉంటాం, కాశీ చందనం పూసుకుంటాం, పూలదండలు వేసుకుంటాం, వెండి బంగారాలు ముట్టుకుంటాం, మాకు పనికొచ్చేది చెప్పమన్నాడు. చందనం మానేసి రమ్మని బుద్ధుడు అనలేదు. కష్టపడి సంపాదించడం, సంపాదించినదాన్ని కాపాడుకోవడం, మంచి స్నేహం, రాబడికి తగిన బతుకు, ఈ నాలుగూ చెప్పాడు. రాబడికి మించి ఖర్చుపెట్టేవాణ్ణీ తప్పుపట్టాడు, ఉండి కూడా తినకుండా మాడేవాణ్ణీ తప్పుపట్టాడు. దాని వెలుగులో మీకు మీరే ఈ నాలుగు అడిగి చూసుకోండి.

ఒకటి. డబ్బు ఎలా వచ్చింది? అనాథపిండికుడికి బుద్ధుడు గృహస్థుడి నాలుగు సుఖాలు చెప్పాడు. కలిగి ఉండటం, అనుభవించడం, అప్పు లేకపోవడం, నిందలేని నడత. మొదటి మూడూ కలిపినా నాలుగోదానిలో పదహారో వంతు చెయ్యవన్నాడు. లంచం డబ్బుతో కొన్నది మణికట్టు మీద సంకెలే.

రెండు. అప్పు చేస్తున్నారా? నెలనెలా వాయిదా కట్టి కొన్న గడియారం ప్రతి నెలా ఒకటో తారీఖునే చూపిస్తుంది.

మూడు. ఎవరి వాటాలోంచి తీస్తున్నారు? సిగాలోవాద సుత్తం సంపాదనను నాలుగు భాగాలు చెయ్యమంది. ఒకటి అనుభవించడానికి, రెండు పనికి, ఒకటి కష్టకాలానికి. రాబడిలో ఇరవయ్యో వంతు ధమ్మకార్యానికి ఇవ్వమని బాబాసాహెబ్ 1956లో నాగపూర్‌లో మనల్ని అడిగారు. చెల్లెలి ఫీజు, అమ్మ మందులు, ఆ ఇరవయ్యో వంతు, ఇవన్నీ పోయాక మీ అనుభవ భాగంలో మిగిలితే, అది మీ ఇష్టం.

నాలుగు. రేపు అది పోతే? గీత పడుతుంది, దొంగలు ఎత్తుకుపోతారు, అంతకంటే మంచిది మార్కెట్లోకి వస్తుంది. ఆ రోజు మీ మనసు ఎంత చెదురుతుందో ఇవాళే చూసుకోండి. చెదిరేదంతా తణ్హ.

ఈ నాలుగింటికీ నిబ్బరంగా జవాబు చెప్పుకోగలిగితే కొనుక్కోండి, కట్టుకోండి, ఎవరికీ జడవకండి. చెప్పుకోలేకపోతే ఇంకొన్నాళ్లు ఆగండి. ఆగినందువల్ల మీ విలువ ఒక్క సెకను కూడా తగ్గదు. ధమ్మంలో ఇది నియమం కాదు, సూత్రం. నియమం బయటినుంచి కట్టేస్తుంది. సూత్రం ఆలోచించే బాధ్యతను మనకే ఇస్తుంది. ఈ తేడాను బాబాసాహెబ్ మళ్లీ మళ్లీ చెప్పారు.

ఏ గడియారం కట్టుకున్నా, అసలు కట్టుకోకపోయినా, మనందరి సిలిండరులో ఉన్న గాలి కొంతే. ఆనాపానసతికి కూర్చున్నప్పుడు లోపలికి వచ్చే ఊపిరి, బయటికి పోయే ఊపిరి చెప్పేది కూడా అదే. దిగినవాళ్లు నిమిషాల్ని గుర్తుపెట్టుకుని పైకి రావాలి. వీలైతే పక్కవాడి చెయ్యి పట్టుకుని రావాలి.

నమో బుద్ధాయ. జై భీమ్.